సిడ్వెల్ ముఖం

మా మేనత్త విల్మట్ నోటికి ఊరంతా జడిసేది. ఆమె చర్చి ఊడుస్తున్నంతసేపూ పాదిరిగారు బయట సమాధుల మధ్య తచ్చాడేవాడు తప్ప లోపలికి అడుగుపెట్టేవాడు కాదు. అంత మనిషికీ నోట మాట లేకుండా చేసినవాడు ఒక్కడే, ఆమె సొంత అన్న హామ్లిన్. ఆయన మా నాన్న. చర్చి పెద్దరికం కూడా ఆయనదే. కన్నతండ్రి గురించి ఇలా చెప్పకూడదంటారు. చెప్పక దాచుకుంటే నా కడుపు మండుతుంది.

మా చర్చిలో జనం నిలబడే చోటికీ, పాదిరి పూజ చేసే చోటికీ మధ్య చెక్క తెర ఉంది. పైసగం తీగలూ ద్రాక్షగుత్తులూ చెక్కిన జాలీ, కిందిసగం పునీతుల బొమ్మలు వేసిన పలకలు. చెక్కింది అత్త మొగుడు. రంగుల ఖర్చుకి ఊరి ఆడవాళ్ళంతా బీరు కాచి అమ్మారు. ఎక్సెటర్ పట్నం నుంచి వచ్చిన చిత్రకారుడు పునీత సిడ్వెల్ పలక దగ్గరికొచ్చేసరికి, తనకు రోజూ రొట్టె తెచ్చిపెట్టే అత్త కూతురి ముఖమే దించేశాడు. ఆ పిల్ల పేరూ సిడ్వెలే మరి. చేతిలో కొడవలి, పక్కన బావి, ముక్కు మీద ఎండమచ్చలు. పునీతురాలికి మచ్చలేమిటని పాదిరి సణిగితే, ఆవిడకి మాత్రం ఎండ తగలదా అని అడిగింది అత్త.

మరుసటి చలికాలం జ్వరమొచ్చి సిడ్వెల్ పోయింది. ఆ దిగులుతోనే తండ్రీ పోయాడు. ఇక ఆ పలక ముందు మైనపు దీపం ఆరకుండా చూసుకోవడమే అత్త బతుకైంది. తన పెళ్ళి గౌను విప్పి బలిపీఠానికి గుడ్డ కుట్టింది. మిగిలిన ముక్కతో రోజూ కూతురి ముఖం తుడిచేది.

తర్వాత గద్దె మీదికి కుర్రరాజు వచ్చాడు. బొమ్మలకి మొక్కడం పాపమని, చర్చిలో అవి ఉండకూడదని ఆజ్ఞ వచ్చింది. గోడ మీది తీర్పుదినం బొమ్మ సున్నం కిందికి పోయింది. తెర మీద నిలబెట్టిన పెద్ద సిలువ మంటల్లోకి పోయింది. ఎవరి చేతికందింది వాళ్ళు ఇళ్ళలో దాచారు. నాన్న సిడ్వెల్ పలక ఊడదీసి, గోనెలో చుట్టి మా అటకెక్కించాడు. నీ మీద రాజుగారి మనుషుల కన్నుంటుంది, మా ఇంటి ఛాయలకు రాకు అని అత్తకి గట్టిగా చెప్పాడు. ప్రతి ఆదివారం చర్చి వాకిట్లో ఆమె పక్కగా నడుస్తూ ఒకటే మాట అనేవాడు.

"పిల్ల క్షేమం."

ఆ మాటతోనే ఆమెకి వారం గడిచేది.

కుర్రరాజు పోయి, అతని అక్క రాణి అయింది. పాతవన్నీ మళ్ళీ పెట్టుకోవచ్చన్నారు. పేడకుప్పల్లోంచి గంటలు, పరుపుల్లోంచి పట్టువస్త్రాలు బయటికొచ్చాయి. నాన్న గోనె మూట భుజానెత్తుకుని, పెళ్ళికొడుకులా నడిచొచ్చాడు. అత్త కొత్త వత్తి పట్టుకుని తెర ముందు నిలబడి ఉంది.

గోనె విప్పాడు. కొడవలి ఉంది, బావి ఉంది, గౌను మీది బంగారు పూలు ఒక్కటీ చెదరలేదు. ముఖం లేదు. ఉలితో నిలువునా అడ్డంగా గీకేసి ఉంది.

అత్త ఆ గీతల మీద వేలు పెట్టింది. "ఎవరు చేశారు?"

"నేనే. ముఖం ఉంటేనే బొమ్మ, అమ్మాయ్. లేకపోతే ఒట్టి చెక్క. దొరికితే నా మెడకి చుట్టుకునేది కాదూ?"

"వెతకడానికొచ్చారా?"

"రాలేదనుకో. వస్తే?"

"ఎప్పుడు గీకావు?"

నాన్న గోనె మడత పెట్టుకుంటూ చెప్పాడు. "తెచ్చిన రోజే."

"మరి వారం వారం పిల్ల క్షేమమన్నావే అన్నయ్యా."

"ఏడుస్తావని."

భయపడ్డాడంటే నేనూ సరిపెట్టుకునేదాన్ని. ఆ రోజుల్లో భయపడనిదెవరు? కానీ తడిగుడ్డతో గొంతు కోసి, చెక్క కాపాడినందుకు మెచ్చుకుంటారని నిలబడ్డాడు. పునీత సిడ్వెల్‌ని బావి పక్కన కొడవలితో చంపించిందీ సొంతింటివాళ్ళేనని పాదిరి ఏటా చెప్పే కథ ఆయన చెవికెక్కనే లేదు.

పైగా చిత్రకారుణ్ణి పిలిపిద్దామన్నాడు. మా పిల్లకి మేనత్త కూతురి పోలికలే, దీన్ని కూర్చోబెడితే సరిపోతుందని నన్ను ముందుకు తోశాడు. సిగ్గుతో చచ్చిపోయాను. అత్త నా గడ్డం పట్టుకుని చాలాసేపు చూసింది. నాలో ఆ పిల్ల దొరకలేదు కాబోలు, చెయ్యి తీసేసింది.

"ముఖం వద్దు. ఎక్కడిదక్కడ అలాగే బిగించండి," అంది.

 పలక పాత చోటే చేరింది. దాని ఎదురుగానే చర్చి పెద్దల బెంచీ. ఆదివారం నాన్న మోకరిల్లితే కళ్ళ ముందు ఆ గీకిన చోటే ఉంటుంది. చూడకూడదంటే తల దించుకోవాలి. దించుకునే ఉంటాడు.

అత్త వస్తుంది. పాత గౌను ముక్కతో పలక తుడుస్తుంది, వత్తి వెలిగిస్తుంది. తిరిగి వెళ్తూ నాన్న పక్కన ఆగి, కొంచెం వంగి, ప్రతి వారం ఒకటే మాట అంటుంది.

"పిల్ల క్షేమం, అన్నయ్యా."