ఇన్సేన్‌లో శోకం ఎత్తుకునే మనిషి

పోయిన వారం మా మేనత్త ఇక్కడే బర్మాలో, ఇన్సేన్ పేటలోని తన ఇంట్లో కన్నుమూసింది. ఫోన్లో బావ "అమ్మ ఎల్లిపోనాదే" అని ఆ ఒక్క మాటా తెలుగులో అన్నాడు, మిగతాదంతా బర్మా భాషలోనే చెప్పాడు. నేనుండే సంచౌంగ్‌లో బస్సెక్కాను గానీ, దుఃఖం కన్నా ముందు నన్నొక భయం పట్టుకుంది. ఇప్పుడు శోకం ఎవరు ఎత్తుకుంటారు?

మీకు చెప్పాలి. మా చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లలో ఎవరు పోయినా రాగం తీసి, మాటలు కట్టి ఏడవడం మా అత్త ఒక్కదానికే వచ్చు. కబురు రాగానే బర్మా ఆడవాళ్లలా బుగ్గలకి రాసుకున్న తనకా చెక్క గంధం కడిగేసుకుని బయల్దేరేది. నేరుగా శవం దగ్గరికి పోయేది కాదు. ముందు ఆ ఇంటి వంటగదిలో దూరి, "ఆయనకేటి ఇష్టమే? ఎవుల మీద కసురుకునీవోడు?" అని ఆరా తీసేది. తర్వాత తలాపున కూర్చుని "నీకిష్టమని నీ పెళ్లాం నెత్తళ్ల పులుసు వండిందయ్యా, లెగవేటి?" అని ఎత్తుకుంటే, తెలుగు ముక్క రాని మనవలు కూడా వెక్కి వెక్కి ఏడ్చేవారు. ఆమె నిలదీసే తీరుకి శవం ఎక్కడ జవాబిస్తుందోనని చిన్నప్పుడు అమ్మ కొంగు వదిలేదాన్ని కాదు. ఆ భయం నాకింకా పోలేదు.

అంతా అయ్యాక మొహం కడుక్కుని టీ అడిగేది, పంచదార ఎక్కువేయమని మరీ.

మా నాన్న పోయినప్పుడు, తమ్ముడి కోసం ఆమె పెట్టిన శోకంలోనే ఆయన చిన్నతనం నాకు తెలిసింది. అందుకు ఆమెకి ఎన్ని దణ్ణాలు పెట్టినా చాలవు.

ఓ చావింట్లో రికార్డు చేద్దామని ఫోన్ తీస్తే చేత్తో మూసేసింది. "అందులో పెట్టుకుంటే నీ ఇంట్లో అది రోజూ ఏడుస్తాది. ఒద్దే." పోనీ నేర్పమంటే, "ఉత్తినే శోకం పెడితే ఇంటికి కీడు. ఎవులైనా పోయినప్పుడు నా పక్కన కూకో, అదే వస్తాది" అంది. కూర్చున్నాను. ఆమె గొంతెత్తగానే నాకు ఏడుపు ముంచుకొచ్చేది, ఇక ఏం నేర్చుకుంటాను?

పండగలు చేసుకుంటున్నాం. పెళ్లిళ్లలో తెలుగు పాటలు ఫోన్లో పెట్టుకుంటున్నాం. చావుకి మాత్రం ఆమే దిక్కు.

నేను వెళ్లేసరికి అత్తని చాప మీద పడుకోబెట్టారు. ఆడవాళ్లం చుట్టూ చేరాం. బయట బస్సుల మోత, లోపల ఫ్యాను చప్పుడు. ఎవరో ఒకరు మొదలుపెడితే అందుకుందామని ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. చూసి చూసి, అలవాటు కొద్దీ, అందరం ఆమె వైపే తిరిగాం.