యూనిఫాం కనబడితే లేచే మనిషి

సిటీ కౌన్సిల్ మీటింగుకి ఆ సాయంత్రం నలుగురం వెళ్ళాం. నేను, మా ఆయన, మా అమ్మాయి, మనవరాలు. అల్లుడికి ఆఫీసులో పని తెమల్లేదు. మధ్యాహ్నమే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకున్నాను. "దారిలో ఏదో ఒకటి తిందాం కదమ్మా" అంది మా అమ్మాయి. దారిలో తినే ఆ ఒక్క పూట ఖర్చుతో ఇంటికి వారం కూరలొస్తాయి. వద్దన్నాను. తీరా ఆ పులిహోర ఎవరూ ముట్టలేదు. మర్నాడు నేనే తిన్నాను. పారేసే అలవాటు నాకు లేదు.

గ్రీన్ కార్డు మీద వచ్చి మేముంటున్న ఊరు డబ్లిన్ నుంచి కొండ దాటితే వస్తుంది. పేరు రాయను. ఆ ఊళ్ళో పోలీసుల మీద వచ్చే ఫిర్యాదులు చూడడానికి మామూలు జనంలోంచి మనుషుల్ని తీసుకుని కొత్తగా ఒక కమిటీ వేస్తున్నారు. తక్కిన వాళ్ళను అంతకు ముందే తీసేసుకున్నారు. ఒక్క కుర్చీ మిగిలింది. దానికి మా అమ్మాయి అర్జీ పెట్టుకుంది. ఆ రోజు కౌన్సిల్ ఓటు వేసి తేలుస్తుంది. ఆ కుర్చీ మాకెందుకో చెప్పాలంటే మా ఆయన భుజం సంగతి చెప్పాలి.

మా ఆయన బస్సు డ్రైవరు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఖాకీ బట్టలే. రోడ్డు మీద పోలీసు గానీ బ్రేకు ఇన్‌స్పెక్టరు గానీ చెయ్యెత్తితే డ్రైవరన్నవాడు ఏం చేయాలి? బండి పక్కకి తీసి, రికార్డులు పట్టుకుని, వాళ్ళు పిలవక ముందే దిగి జీపు దగ్గరకి పోవాలి. సీట్లో కూర్చుని మాట్లాడితే పొగరంటారు. అలా కూర్చున్న వాళ్ళని కాలరు పట్టి దింపడం నేను కళ్ళారా చూశాను. ఈయనని ఎవరూ అలా దింపలేదు. పెద్ద చదువు లేకపోయినా మర్యాద తెలిసిన మనిషని పేరు.

ఇక్కడ అమ్మాయి దగ్గరికి వచ్చాక ఒక శనివారం కూరగాయల సంతకి వెళ్ళాం. మూసే వేళకి వెళితే ఆకుకూరలు సగం ధరకి ఇస్తారని నేనే ఆ వేళకి బయల్దేరదీసేదాన్ని. తిరిగొస్తుంటే వెనకాల పోలీసు కారు రంగు లైట్లు వేసింది. మా కారు వెనక దీపం ఒకటి వెలగడం లేదట. మా అమ్మాయి కారు పక్కకి ఆపింది.

"నాన్నా, దిగొద్దు. ఇక్కడ కదలకుండా కూర్చోవాలి" అంటూనే ఉంది.

"పెద్దాయన వచ్చి నిలబడితే మనం కూర్చుంటామా అమ్మా? తప్పు" అన్నాడు ఈయన. అనడమూ బెల్టు తీసి దిగడమూ ఒకేసారి అయ్యాయి. చొక్కా జేబులో పాస్‌పోర్టు జిరాక్సు పెట్టుకుని తిరగడం ఆయన అలవాటు. అది తీయడానికి జేబులో చెయ్యి పెట్టి, ఆ పోలీసు వైపు నడిచాడు. పోలీసు కుర్రవాడే. ఏదో అరిచాడు. పోలీసు అరిస్తే ఇంకా గబగబా వెళ్ళాలనే ఈయనకి తెలుసు. గబగబా వెళ్ళాడు.

తర్వాత జరిగింది రెప్పపాటు. చెయ్యి వెనక్కి విరిచి, కాలు అడ్డం పెట్టి, రోడ్డు మీద బోర్లా పడేశాడు. ఎడమ భుజం పోయింది. తుంటి విరిగింది. సంచీలోంచి మెంతికూర కట్టలు నా ఒళ్ళో పడ్డాయి. అవి పట్టుకుని వెనక సీట్లో అలాగే కూర్చుండిపోయాను. దిగితే నన్నూ పడేస్తారని మా అమ్మాయి అరుస్తోంది.

ఆపరేషన్లయ్యాయి. తుంటి అతికింది. చేతిలో వాకర్ పడింది. ఎడమ చెయ్యి మాత్రం మళ్ళీ పైకి లేవలేదు. ఫిర్యాదు ఇస్తే పోలీసు వాళ్ళే విచారణ చేసుకుని, తమ మనిషి పద్ధతి ప్రకారమే నడుచుకున్నాడని చెప్పేశారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. మాకు తెలిసినావిడ ఒకతె ఇంటికొచ్చి, "పోనీండి పిన్నిగారూ, గ్రీన్ కార్డు మీదున్నారు, మనకెందుకీ గొడవ? బాబాయిగారు దిగకుండా ఉండాల్సింది" అంది. కాఫీ ఇచ్చి పంపాను. మళ్ళీ పిలవలేదు.

అదీ ఆ కుర్చీ సంగతి. పాత ఫిర్యాదులు మళ్ళీ తెరవాలా వద్దా అన్నది ఆ కమిటీయే తేల్చుకుంటుందట. లోపల మాట్లాడే మనిషి ఒకరుంటే నాన్న ఫైలు తెరిపించొచ్చని మా అమ్మాయి ఆశ. నేను ఆశలు పెట్టుకునేదాన్ని కాను. దీనికి మాత్రం పెట్టుకున్నాను.

హాలు పెద్దది. ఎదురుగా ఎత్తు మీద కౌన్సిల్ వాళ్ళు, మధ్యలో మేయరమ్మ. కింద మనకి కుర్చీలు. వాకర్ అడ్డం రాకుండా ఆయన్ని నడవ పక్కన కూర్చోబెట్టి, ఆయన ఎడమ పక్కన నేను కూర్చున్నాను. కొత్త బ్లవుజుపీసు విప్పినట్టు కరకరలాడే ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడాయన. తనే కుడి చేత్తో ఇస్త్రీ చేసుకున్నాడు.

ముందు వ్యాపారాల పన్నుల సంగతి తీశారు. ఊళ్ళో షాపుల వాళ్ళు బిజినెస్ టాక్స్ ఎగ్గొట్టారని, ఆ పేర్లు చదివి ఏం చేయాలో తేల్చాలని. కార్లమ్మే షోరూము వాళ్ళది పెద్ద బాకీ. వాళ్ళ లాయరు లేచి వ్యాపారాలు పడిపోయాయని, వందలమందికి పని ఇస్తున్నామని ఏవేవో చెప్పాడు. పాపం అన్నట్టు అందరూ తలలూపి గడువిచ్చారు. పేర్లు ఇంకా చదువుతుంటే మా మనవరాలు నా చెయ్యి గిల్లింది.

"అమ్మమ్మా, మమ్మీ నేమ్ చదివారు."

"ఎందుకు?"

"మన షాప్. ఇడ్లీ షాప్. టాక్స్ పే చేయలేదంట."

నాకు నమ్మకం కలగలేదు. మాకు ఒక చిన్న టిఫిను కొట్టు ఉండేది. బ్యాచిలర్ కుర్రాళ్ళు వచ్చి తినేవాళ్ళు. పిండి రుబ్బిందీ, చట్నీ చేసిందీ నేనే. ఉద్యోగాలు ఊడిన ఏడాది ఆ కుర్రాళ్ళే లేకుండా పోయారు. కొట్టు మూసేశాం. చివరి రోజు దేవుడి పటం దించి, గుమ్మానికి దండం పెట్టి, తాళాలు ఓనరుకి ఇచ్చేశాం. కొట్టు మూయడమంటే మా వైపు అంతే. దీపం పెట్టని చోట పన్నెక్కడిది? కొట్టు మూశామని సిటీ ఆఫీసుకి కూడా చెప్పాలట. చెప్పకపోతే వాళ్ళ లెక్కలో కొట్టు నడుస్తూనే ఉంటుందట. పన్నూ, దాని మీద జరిమానా పెరుగుతూనే ఉంటాయట. వాళ్ళు పంపిన కాగితాలన్నీ ఆ పాత కొట్టుకే వెళ్ళాయి. అక్కడిప్పుడు గోళ్ళకి రంగులేసే షాపుంది.

మా అమ్మాయి వైపు చూసి, "కట్టేద్దాం. అంతే కదా" అన్నాను.

"అంతే కాదమ్మా" అంది. అది నాకంటే ముందే గ్రహించింది.

తర్వాత పోలీసు కాప్టెన్ వంతు. కమిటీ గురించి ఏదో చెప్పడానికి వెనక నుంచి నడవలో వస్తున్నాడు. ఆరడుగుల మనిషి, నల్లటి యూనిఫాం, నడుముకి బరువులు. బూట్ల చప్పుడికే మా ఆయన తల తిప్పాడు. ఏం చేయబోతున్నాడో నాకు అర్థమైంది. అర్థమైనా ఆపలేకపోయాను. నా వైపు ఉన్నది దెబ్బ తిన్న భుజం. పట్టుకుని లాగితే ప్రాణం పోయినంత నొప్పి. చెయ్యి చాపి మళ్ళీ వెనక్కి తీసుకున్నాను.

ఆయన కుడి చేత్తో వాకర్ పట్టుకుని, ముక్కుతూ లేచి నిలబడ్డాడు. హాల్లో ఇంకెవరూ లేవలేదు. కాప్టెన్ ఒక్క క్షణం ఆగి, తల ఊపి ముందుకి వెళ్ళాడు. వెళ్ళేదాకా ఈయన కూర్చోలేదు.

జనం మాట్లాడే వంతు వచ్చింది. మనిషికి రెండు నిమిషాలు. ఎదురుగా చిన్న దీపాలు, పచ్చది వెలిగితే మొదలుపెట్టాలి, ఎర్రదైతే ఆపాలి. నేను లేచాను. మాట మార్చి చెప్పడానికి మనవరాలు నా పక్కన నిలబడింది.

"పన్ను కడతాం. మూసిన కొట్టుకి కూడా కడతాం. కాదనడం లేదు. కార్ల షోరూముకి గడువిచ్చిన పెద్దలు మా అమ్మాయిని దొంగలా చూడొద్దు. ఇది మీకు సిగ్గుచేటు" అన్నాను.

నేను చెప్పింది బారెడు. అది ఇంగ్లీషులో చెప్పింది మూరెడు. చివర్లో 'ప్లీజ్' అని వినబడింది.

"సిగ్గుచేటన్నది చెప్పావా?"

"అమ్మమ్మా, అలా చెప్తే మమ్మీకే బ్యాడ్."

"చెప్పమన్నది చెప్పు."

ఎర్ర దీపం వెలిగింది. వాదులాటలోనే సగం పోయింది. మా ఆయన చెయ్యి సంగతి నోట్లోనే ఉండిపోయింది.

మా అమ్మాయి బాగానే మాట్లాడింది. పన్ను సంగతి ఇప్పుడే తెలిసిందనీ రేపు పొద్దునే కడతాననీ చెప్పింది. నాన్నకి జరిగింది చెప్పింది. తగువు పెట్టుకోవడానికి రాలేదని, ఎవరో ఒకరు వినాలని వచ్చానని చెప్పింది. అప్పుడు కౌన్సిల్లో ఎర్ర టై కట్టుకున్న పెద్దమనిషి మైకు దగ్గరకి లాక్కున్నాడు. ఆయన అన్నది మనవరాలు నా చెవిలో చెప్పింది.

"పన్నులు మన పోలీసులకి జీతాలవుతాయంట. అవి కట్టని వాళ్ళు పోలీసుల మీద జడ్జిలా కూర్చోవడం కరెక్ట్ కాదంట."

ఆయన అంతటితో ఊరుకోలేదు. మా ఆయన వైపు చెయ్యి చూపించి నవ్వుతూ ఏదో అన్నాడు. హాల్లో కొందరు చప్పట్లు కొట్టారు. మనవరాలు చెప్పలేదు.

"ఏమన్నాడే?"

అది కళ్ళు దించుకుంది. "కాప్టెన్ వచ్చినప్పుడు తాతయ్య ఒక్కరే లేచారు కదా. ఆయనకే పోలీసంటే అంత రెస్పెక్ట్ ఉంది, ఆయనకే కంప్లైంట్ లేదు, కూతురికి ఎందుకు అంటున్నాడు."

మా అమ్మాయి లేవబోయింది. నీ వంతు అయిపోయిందని మేయరమ్మ మెత్తగానే చెప్పింది. ఓట్లేశారు. ఒక్క ఓటు తేడాతో ఆ కుర్చీ అర్జీ పెట్టుకున్న ఇంకొకాయనకి, ఇళ్ళమ్మే ఏజెంటుకి వెళ్ళింది. పోలీసుల పిల్లలకి చందాలు పోగుచేసే సంఘానికి ఆయనే పెద్ద.

మా ఆయనకి ఇంగ్లీషు రాదు. చప్పట్లు ఆయన కోసమేనని మాత్రం తెలిసింది. వాళ్ళ వైపు తిరిగి దండం పెట్టబోయాడు. చెయ్యి ఒకటే లేచింది.

బయటికి వస్తుంటే ఆ కాప్టెనే తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "థాంక్యూ సార్" అన్నాడు మా ఆయన. కారెక్కాం.

"నాన్నా, ఎందుకు లేచావ్?" అంది మా అమ్మాయి. స్టీరింగు మీద రెండు చేతులూ బిగించి ఉంది.

"యూనిఫాం కదమ్మా. పై ఆఫీసరు."

"నిన్ను పడేసింది వాళ్ళే కదా."

"పడేసింది ఆ కుర్రాడు. వాడికి తెలియక చేశాడు. నేను దిగడం చూసి బెదిరాడు. బట్టలు ఏం చేశాయి?" మళ్ళీ తనే అడిగాడు. "సీటు వచ్చిందా?"

నాకు అబద్ధం చేతకాదు. "రాలేదు" అన్నాను.

"నా వల్లా?"

వెనక సీట్లో మనవరాలు ఏడుస్తోంది. ఆయనకి తెలిసిపోయింది.

మర్నాడు పొద్దున్నే మా అమ్మాయి సిటీ ఆఫీసుకి వెళ్ళి పన్నూ జరిమానా మొత్తం కట్టి వచ్చింది. గడువు అడగలేదు. నేనూ అడగమనలేదు. కొన్ని నెలలకి ఆ కమిటీ కూర్చుని, కమిటీ రాకముందు ముగిసిన ఫిర్యాదులు తెరవకూడదని తేల్చింది. కాదని వాదించే మనిషి ఆ బల్ల దగ్గర లేకపోయాడు. ఆ కబురు తెచ్చి మా అమ్మాయి బూట్లు కూడా విప్పకుండా మెట్ల మీద కూర్చుండిపోయింది.

మా ఆయన ఆ తర్వాత ఇల్లు కదలడం మానేశాడు. సంతకి రమ్మంటే, "నేనొస్తే మళ్ళీ ఏదో ఒకటి చేస్తానే, మీరు వెళ్ళిరండి" అనేవాడు. బస్సు నిండా జనాన్ని కొండలెక్కించి దింపిన మనిషి, సందు చివరి పోస్టు డబ్బా దాకా పోవడానికి భయపడ్డాడు. నేను కోప్పడేదాన్ని. కోప్పడితే పనులు జరుగుతాయని నమ్మినదాన్ని. ఈ ఒక్కటీ జరగలేదు.

ఆస్పత్రికి మాత్రం వెళ్ళక తప్పేది కాదు. అక్కడ గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి ఉంటాడు, యూనిఫాంలో. అతను అటూ ఇటూ తిరిగినప్పుడల్లా మా ఆయన కుడి చెయ్యి వాకర్ మీదకి పోయేది. మీటింగు రోజు తర్వాత నేను ఆయన ఎడమ పక్కన కూర్చోవడం మానేశాను. కుడి పక్కనే కూర్చుని, బాగున్న భుజం మీద చెయ్యి వేసి ఉంచేదాన్ని. నా చేతి కింద ఆ భుజం లేవబోయి, ఆగి, మళ్ళీ దిగేది.

మీటింగు తర్వాత రెండో చలికాలంలో ఆస్పత్రి మంచం మీదే పోయాడు. నేను ఆయన కుడి పక్కనే ఉన్నాను.