గాయమ్మ పాట ఎవరిది?

పిల్లల వార్డులో ఇరవై రెండేళ్లుగా కట్లు కడుతున్న నర్సును అందరూ పాటల సిస్టర్ అనేవాళ్లు. కాలిన చోట పాత కట్టు విప్పుతుంటే పిల్లలు గిలగిల్లాడిపోయేవారు. వాళ్లను మరిపించడానికి ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె ఒక పాట కట్టింది.

“గాయమ్మా గాయమ్మా, గడియసేపు కూర్చోమ్మా,
తెల్లచొక్కా తొడిగేస్తా, చుట్టూ చుట్టూ తిప్పేస్తా,
కదలకుంటే కథ చెబుతా!”

ఆ మూడు వరుసలకూ మూడు నెలలు పట్టింది. మాట బరువైతే కట్టు చుట్టే చెయ్యి ఆగిపోయేది. కొట్టేసి మళ్లీ రాసుకునేది. చివరికి ఆసుపత్రి వార్షిక సంచికలో ఆమె పేరుతోనే అచ్చయింది. తర్వాత తల్లుల నోట పడి ఊరంతా తిరిగింది. అది ఆమెకు మురిపెంగానే ఉండేది.

ఒక ఉదయం మోచెయ్యి కాలిన ఐదేళ్ల పిల్ల కట్టు మార్పించుకోవడానికి వచ్చింది. పాట ఎత్తుకోగానే పెదాలు బిగబట్టి, వస్తున్న కన్నీళ్లను ఆపుకోసాగింది.

“ఏడుపొస్తే ఏడువమ్మా, చెయ్యి మాత్రం కదపకు,” అంది సిస్టర్.

“ఏడిస్తే కథ చెప్పరుగా? పుస్తకంలో అలాగే ఉంది.”

తల్లి సంచిలోంచి ఒక బొమ్మల పుస్తకం తీసి చూపించింది. పాట మొత్తం సిస్టర్‌దే. చివరి వరుస మాత్రం ‘ఏడవకుంటే కథ చెబుతా’ అని మారిపోయింది. కింద రాసిన వాళ్ల పేరు లేదు. ‘సేకరణ’ అని మాత్రం ఉంది.

డ్యూటీ దిగగానే ఆమె తిన్నగా వకీలుగా పనిచేసే తన వదిన ఆఫీసుకు వెళ్లింది.

“పేరు పోతే పోయింది వదినా. నొప్పి పుడుతున్న పిల్లని ఏడవొద్దని నేనెప్పుడైనా అన్నానా? ఆ మాట నా పాటలో ఎలా పెడతారు?”

“పేరు మాత్రం ఎందుకు పోవాలి?” అంది వదిన. “రాసిన రోజే అది నీదైంది. రిజిస్టర్ చేయించకపోయినా నీదే. నీ పేరు వేయమని అడగొచ్చు, మాట చెడగొడితే కుదరదనీ చెప్పొచ్చు.”

“కట్టు పాటలు ఎవరైనా రాస్తారు అంటే?”

“రాసుకోమను. ఆలోచన ఎవరి సొత్తూ కాదు. ఈ మాటలు మాత్రం నీవి. ఇంతకీ రుజువేమైనా ఉందా, జడ్జిగారికి కట్టు కట్టి పాడి వినిపిస్తావా?”

కోపంలోనూ సిస్టర్‌కు నవ్వొచ్చింది. కొట్టివేతలున్న నోటుపుస్తకం, వార్షిక సంచిక తెచ్చి ఇచ్చింది. పుస్తకం అచ్చేసినవాళ్లకు వదిన ఉత్తరం రాసింది.

పది రోజులకు ప్రచురణకర్త స్వయంగా వార్డుకే వచ్చాడు.

“ఎవరో పాతకాలం వాళ్లు కట్టిందనుకున్నామమ్మా. ఆరా తీయాల్సింది. తప్పు మాదే.”

“నేనూ పాతదాన్నేలెండి. మరి ఆ ఏడుపు మాటెవరిది?”

“నాదేనండీ. పిల్లలకి ధైర్యం నేర్పినట్టుంటుందని…”

ఆమె కుర్చీ చూపించి కూర్చోమంది. బల్ల మీదున్న పిల్లవాడికి కట్టు విప్పడం మొదలుపెట్టి పాట అందుకుంది. వాడు వార్డు దద్దరిల్లేలా ఏడ్చాడు. చాచిన చెయ్యి మాత్రం ఇసుమంతైనా కదపలేదు. కట్టు పూర్తయ్యాక, “కథేది?” అని దబాయించాడు.

ప్రచురణకర్త తల వంచుకున్నాడు. “నా మాట తీసేస్తానండీ,” అన్నాడు.

అమ్ముడుపోని ప్రతులన్నీ వెనక్కి తెప్పించాడు. కొత్త ముద్రణలో పాట పైన ఆమె పేరు, చివర ఆమె రాసిన మాట వచ్చాయి. ఆమెకు రావలసిన డబ్బు గురించి వదిన దగ్గరే ఒప్పందం రాసుకున్నారు.

ఆ పుస్తకం చూసి వేరే ఆసుపత్రి వాళ్లు ఉత్తరం రాశారు, పాటను తమ గోడ మీద రాయించుకోవచ్చా అని. తన పాటకు ఎవరైనా ఆమెను అనుమతి అడగడం అదే మొదటిసారి. ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదువుకుంది. ‘సంతోషంగా రాయించుకోండి, పాడుకోండి. నా పేరు వేయండి, మాట మార్చకండి’ అని రాసి సంతకం చేసింది.

ఇప్పుడు ఆమె మరో పాట కడుతోంది. పిండికట్టు కోసే మిషను మోతకు హడలిపోయే పిల్లల కోసం. రెండో వరుస ఇంకా కుదరలేదు.