వసుధగారి భుజం, అరచేతిలో కెమెరా

2014 వసంతకాలంలో వసుధగారు మొదటిసారి మా క్లినిక్‌కి వచ్చారు. అప్పటికి నేను నార్త్ కరోలినాలోని క్యారీలో ఫిజికల్ థెరపిస్టుగా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కంప్యూటర్ ముందు కూర్చుని మెడలు, నడుములు పట్టేసినవాళ్లే. కెమెరా మోసి మోసి భుజం పాడుచేసుకున్న మనిషిని చూడడం నాకదే తొలిసారి.

ఆవిడకి యాభై దాటాయి. కరీంనగర్ వైపు మనిషి. వారమంతా ఒక ఫార్మా కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం. శని, ఆదివారాలు మనవాళ్ల నామకరణాలకీ పెళ్లిళ్లకీ పిల్లల అరంగేట్రాలకీ ఫోటోలు తీసేవారు. స్కాన్‌లో కుడి భుజం రొటేటర్ కఫ్ కొద్దిగా చిరిగినట్టు తేలింది. రొటేటర్ కఫ్ అంటే భుజం కీలును చుట్టూ పట్టి ఉంచే కండరాల గుంపు. బరువులు మానకపోతే ఆపరేషన్ దాకా వెళ్తుందని డాక్టర్ చెప్పారట.

"ఈసారి వచ్చేటప్పుడు మీ కెమెరా బ్యాగ్ తీసుకురండి," అన్నాను. ఏ కదలికలో నొప్పి పుడుతోందో కళ్లారా చూస్తే తప్ప మా వైద్యం ముందుకు సాగదు.

తెచ్చారు. రెండు పెద్ద డీఎస్ఎల్ఆర్ కెమెరాలు, పొడుగాటి జూమ్ లెన్స్, ఇంకా వేరే లెన్సులు, ఫ్లాష్‌లు. ఎత్తబోతే నా భుజమే కిందికి జారింది. ఆవిడ కెమెరాని కంటికి ఆనించి చూపించారు. కుడి మోచెయ్యి గాల్లో ఉంది, మెడ ఒక పక్కకి ఒరిగింది. డాన్స్ ప్రోగ్రామ్ అయితే గంటల తరబడి అలాగే నిలబడతారట.

"కొన్నాళ్లు ఇది మానెయ్యాలండీ."

"బంద్ చెయ్యమంటే నీ దగ్గరికి వచ్చుడే బంద్ చేస్త మాధవీ," అని నవ్వారు. వెంటనే గొంతు మారిపోయింది. "ఈ ఊరికి వచ్చిన కొత్తల నన్నెవరూ ఎరగరు. కెమెరా పట్టుకున్నంకనే పది ఇండ్లల్ల పిలిచిన్రు. ఇది ఇడిస్తే నాకేం మిగుల్తది చెప్పు?"

ఆ రోజుకి రబ్బరు బ్యాండుతో చేసే వ్యాయామాలు నేర్పి పంపాను.

కొన్ని వారాల తర్వాత ఆవిడే దారి వెతుక్కుని వచ్చారు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఒక చిన్న కాంపాక్ట్ జూమ్ కెమెరా తీశారు. లెన్స్ దాంట్లోనే ఉంటుంది, మార్చే పని లేదు. అరచేతిలో ఇమిడిపోయేంత కెమెరా.

"దీన్ని ఎట్ల పట్టుకుంటే భుజం మీద భారం పడదో చూపియ్యి."

ఇద్దరం అద్దం ముందు నిలబడి ప్రయత్నించాం. మోచేతులు రెండూ పక్కటెముకలకి ఆనించాలి. కెమెరా కంటి దగ్గర కాదు, గుండెల దగ్గర ఉండాలి. స్క్రీన్ పైకి తిప్పి చూస్తే మెడ కూడా తిన్నగా ఉంటుంది. ఏళ్ల నాటి అలవాటు మానడం తేలిక కాదు. చెయ్యి దానంతటదే పైకి లేచేది. ఆవిడే నాలుక కరుచుకుని మళ్లీ దించేవారు.

చిన్న కెమెరాకి ఇబ్బందులూ ఉన్నాయి. దాని సెన్సర్, అంటే వెలుతురుని పట్టే పలక, చిన్నది. స్టేజీ మీద లైట్లు తగ్గితే ఫోటో గరుకుగా వస్తుంది. ఫోకస్ కూడా నెమ్మది. అందుకని ఆగస్టులో జరగబోయే, అంజలి అనే అమ్మాయి నాట్య అరంగేట్రానికి వసుధగారు ముందు నుంచే రిహార్సల్స్‌కి వెళ్లడం మొదలుపెట్టారు.

"పెద్ద కెమెరాతోని పది కొట్టి ఒకటి ఏరుకునేదాన్ని," అన్నారు ఒకరోజు. "ఇప్పుడు ఆ ఒక్కటి ఎప్పుడొస్తదో ముందే తెల్వాలె. అందుకే పిల్లతోపాటు డాన్స్ నేను గుడ నేర్చుకుంటున్న."

చివరి రిహార్సల్‌కి, చెయ్యి ఎలా పెడుతున్నారో చూద్దామని నేనూ వెళ్లాను. అంజలి తల్లి శిరీష ఆ కెమెరా చూసి నిలబడిపోయింది.

"ఇదేంటండీ వసుధగారూ, ఇంత చిన్నదా? అరంగేట్రం మళ్లీ మళ్లీ రాదు కదా!"

వసుధగారు తడబడలేదు. "నిజమే శిరీషా. నా భుజం బాగలేదు, పెద్దది మొయ్యలేను. మస్తు స్పీడ్ ఉన్న అడుగులు దీంట్ల కొన్ని మసకగ వస్తయ్. నీకు డౌట్ ఉంటే ఇప్పుడే చెప్పు, వేరేవాళ్లని నేనే మాట్లాడిపెడత."

శిరీష కూతురి వైపు చూసింది.

"మామ్, నాకు ఆంటీయే కావాలి," అంది గజ్జెలు కట్టుకుంటున్న అంజలి. "ఆంటీకి నా డాన్స్ మొత్తం తెలుసు. బిగ్ కెమెరా ఉంటే ఐ గెట్ సో నర్వస్. ఇది ఉంటే ఆంటీ ఉన్నట్టే తెలీదు."

అరంగేట్రం నాడు నేను వెనక వరసలో కూర్చున్నాను. వసుధగారు పక్క నడవలో, మోచేతులు ఒంటికి ఆనించి నిలబడ్డారు. ఆ పిల్ల అలిగిన కొడుకుని బుజ్జగించే తల్లిగా అభినయిస్తున్నప్పుడు హాలంతా సద్దుమణిగింది. మామూలుగా అలాంటి చోటే కెమెరా టకటకలు వినిపిస్తాయి. ఆరోజు ఒక్క చప్పుడు లేదు. నేను నాట్యం కంటే ఆ భుజాన్నే ఎక్కువగా చూశానేమో. చివరిదాకా అది పైకి లేవలేదు.

ఆవిడ ముందే చెప్పినట్టు వేగమైన జతుల్లో కొన్ని ఫోటోలు మసకబారాయి. వాటినీ దాచకుండా చూపించారు. కానీ ఆ రాత్రి ఇరుకైన గ్రీన్ రూమ్‌లో తీసిన ఫోటో ఒకటుంది. శిరీష నేల మీద కూర్చుని కూతురి గజ్జెలు విప్పుతోంది. అలసిపోయిన అంజలి, పడిపోకుండా తల్లి తల మీద చెయ్యి ఆనించుకుంది. ఫోటో తీశారని ఇద్దరికీ తెలియదు. నాట్యం చేస్తున్న ఫోటోలన్నీ ఆల్బమ్‌లోకి వెళ్లాయి. శిరీష పెద్దది చేయించి తమ ఇంటి హాల్లో పెట్టుకున్నది మాత్రం దీన్నే.

శరదృతువు వచ్చేసరికి వసుధగారికి థెరపీ ముగిసింది. ఆఖరి రోజు రేంజ్ ఆఫ్ మోషన్, అంటే చెయ్యి ఎంత దూరం కదులుతుందో కొలిచాను. పూర్తిగా తిరిగి రాలేదు. పై అరలో డబ్బా అందుకోవాలంటే ఇప్పటికీ ఎడమ చెయ్యే వాడాలి. నేను కాస్త చిన్నబుచ్చుకుంటే ఆవిడే ఓదార్చారు.

"ఫోటోకి సరిపోతది మాధవీ. నాకంతే కావాలె."

అంతకు ముందు నేను కొత్తవాళ్లని నొప్పి ఎక్కడ, ఎంత అని అడిగేదాన్ని. ఆవిడ తర్వాత మరొక ప్రశ్న చేర్చాను: "ఈ చేత్తో మీరు ఏం చెయ్యకుండా ఉండలేరు?" ఒకాయన ప్లంబింగ్ అన్నాడు. ఒకావిడ మనవరాలికి జడ వెయ్యడం అంది. మానెయ్యండి అన్న మాట నా నోటి దాకా వచ్చినప్పుడల్లా ముందు ఆ జవాబు వింటాను. పని ఎలా మార్చుకోవచ్చో ఆ తర్వాత ఇద్దరం కూర్చుని వెతుకుతాం.