షంషాద్ టీచర్ రాయని ఉత్తరం

2024 ఆగస్టు. తిరుపతి బస్టాండు వెనక సందులో మేడమీది గది, ఒక కంప్యూటరు, ఒక పాత బల్ల. అదే నా ఆఫీసు. చిత్తూరులో లారీల మీదా గోడల మీదా అక్షరాలు రాసి బతికినోణ్ణి. నన్ను ఏ కాలేజీ చేర్చుకోలేదు, నేనూ ఏ కాలేజీకీ దండం పెట్టలేదు. యాభై దాటినాక కంప్యూటరు నేర్చుకున్నాను. సరదా కొద్దీ తెలుగు ఫాంట్లు తయారుచేసి ఉచితంగా వదిలేవాళ్లు కొందరున్నారు. వాళ్ల అలంకార ఫాంట్లను పరీక్షించి, పెళ్లిపత్రికకి ఏది, పుస్తకం అట్టకి ఏది అని ఇంటర్నెట్‌లో సమీక్షలు రాస్తుంటాను.

పెద్ద చదువుల డిజైనర్లు ఈ ఫాంట్లను చూసి ముక్కు చిట్లిస్తారు. తెలుగు ఫాంటంటే గుణింతాలూ ఒత్తులూ కలిపి వందల గ్లిఫ్‌లు, అంటే అక్షరరూపాలు, ఒక్కొక్కటీ గీయాలి. ఆ చాకిరీ ఊరికే చేసినవాణ్ణి ఎవడైనా వెక్కిరిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంటలోనే ఒక తప్పు చేసినాను.

అంతకు ముందు సంవత్సరం గూడూరు నుంచి చలపతి అనే ఆయన ఒక చేతిరాత ఫాంటు పంపినాడు. నిమ్మకాయల మండీలో గుమాస్తా. గుండ్రటి అక్షరాలు, ఎడమకి కాస్త వాలి, ముద్దుగా ఉన్నాయి. ‘ళ’ కింది మెలికలో వెంట్రుకంత తెగిన చోటుంటే, పెన్ను ఒక్క క్షణం పలకనట్టుంది, ఇదీ ప్రాణమంటే, అని మెచ్చుకున్నాను. అంతటితో ఆగినానా? ‘చేత్తో రాసినదానికీ దీనికీ తేడా నాబోటివాడు కూడా కనిపెట్టలేడు’ అని రాసినాను. ఎవరి రాత అని అడిగితే, చిన్నప్పటి పంతులమ్మది అన్నాడు. అంతకుమించి నేను అడగలేదు.

ఆ ఆగస్టులో ఒకామె నా మెట్లెక్కి వచ్చింది. పేరు షంషాద్. పూతలపట్టు దగ్గర ప్రైవేటు స్కూల్లో ఇరవై ఏళ్లకు పైగా తెలుగు టీచరు. అక్షరాల సంగతి ఈ ముసలాయన్ని అడగమని జిరాక్సు షాపాయన పంపినాడట. కవర్లోంచి ఒక కాగితం తీసి బల్లమీద పెట్టి, చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకుంది.

కరస్పాండెంటుకి, అంటే స్కూలు నడిపే ఆయనకి, రాసిన ఉత్తరానికి జిరాక్సు అది. పరీక్ష పేపరు ముందే పిల్లలకి చెప్పినాను, తప్పు నాదే, ఏ చర్యకైనా సిద్ధం అని ఉంది. కింద ఆమె పేరు. ఒకరోజు పొద్దున ఆయన బల్లమీద దొరికిందట. మరునాడు పదకొండు గంటలకి కమిటీ కూర్చుంటుంది. ఉత్తరం ఆమెదే అని తేలితే ఉద్యోగం పోతుంది, తర్వాత పోలీసు స్టేషను.

"ఇది నేను రాయలేదన్నా," అనింది. "కానీ రాత నాదే. మా అమ్మకి చివర్లో మతి తప్పింది. నాకూ మొదలయిందేమో. రాసి మర్చిపోయినానేమో అని భయంగా ఉండాది."

కళ్లద్దాలు తుడుచుకుని కాగితం దగ్గరికి లాక్కున్నాను. మూడో వరుసలో ‘పిల్లలు’, దాని పక్కనే ‘వాళ్ళకి’. ఆ ‘ళ’ మెలికలో వెంట్రుకంత తెగిన చోటు. కింద ఇంకో ‘ళ’, అదే చోట తెగింది. ఇంకోటి, అదీ అంతే. చెప్పకుండా పంపించేద్దామా అని ఒక క్షణం అనిపించింది, దాచను.

కంప్యూటరు ఆమె వైపు తిప్పి, చలపతి ఫాంటు తెరిచి, షంషాద్ అని కొట్టినాను. ఒక్కో అక్షరమే తెర మీద పడుతూ వచ్చింది, ఆమె చేతిరాతలో. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"ఆపన్నా," అనింది. "ఆపు."

మతి తప్పలేదని తెలిసినందుకు ఆమె సంతోషపడుతుందనుకున్నాను. ఇంకా బెదిరిపోయింది. దీంతో ఏమైనా రాయొచ్చా అని అడిగింది. రాయొచ్చు అన్నాను. ఎవరైనానా అని అడిగింది. ఎవరైనా అన్నాను.

చలపతికి ఫోను చేసినాను. షంషాద్ టీచరే ఆ పంతులమ్మ. తొమ్మిదో తరగతిలో ఉపన్యాసం పోటీకి ఆమె అతని నోటుబుక్కు నిండా రాసిచ్చిందట. ఆ పేజీలే స్కాన్ చేసి ఫాంటు కట్టినాడు. ఆయమ్మకి చూపించడానికి సిగ్గేసింది సార్ అని మగవాడు ఫోనులో వెక్కి వెక్కి ఏడ్చినాడు. ప్రేమతో చేసినాడనే దాంట్లో నాకు అనుమానం లేదు.

మరునాడు ఆమెతోపాటు నేనూ బస్సెక్కినాను. కమిటీలో నలుగురు. కరస్పాండెంటు మర్యాదగానే కూర్చోమన్నాడు. ఫాంటు సంగతి చెప్పి, నమ్మకం కోసం ఇంటర్నెట్‌లో నా సమీక్షే చూపించినాను. ఆయన ఫోను చేతిలోకి తీసుకుని మొత్తం చదివినాడు.

"సూడు పెద్దాయనా, నాబోటివాడు కూడా కనిపెట్టలేడు అని నువ్వే రాసినావు. పోయినేడు కనిపెట్టలేనోడివి ఈ యేడు ఎట్లా కనిపెట్టినావప్పా?"

పక్కనాయన నవ్వినాడు. షంషాద్ టీచర్ నా వైపు చూసింది. ఆమెని కాపాడటానికి పోయి, నా మాటతోనే ఆమె గొంతు నొక్కినానని అర్థమైంది. ఇన్నేళ్ల పనిలో అంత భయం ఎరగను.

"పోయినేడు నేను సరిగ్గా సూడలేదు సార్," అన్నాను. "సూసినట్టు రాసినాను."

అయితే ఇక్కడే రాసి చూపించమని ఆమెకి పెన్నిచ్చినారు. చెయ్యి వణికి ఒక్క అక్షరమూ నిలబడలేదు. అది చూసి ఆ నవ్వినాయన తల ఊపినాడు, నేరం రుజువైనట్టు.

అప్పుడు నేను ఆమె లెసన్ ప్లాన్ పుస్తకం, అంటే ఏ రోజు ఏ పాఠమో టీచర్లు రాసుకునేది, తెప్పించమన్నాను. అసలు ఉత్తరమూ అడిగినాను. ట్రేసింగ్ పేపరు మీద ఉత్తరంలోని ఒక ‘మ’ దించి కరస్పాండెంటు చేతికే ఇచ్చినాను. మీరే పెట్టి చూడండి, నన్ను నమ్మొద్దు అన్నాను. ఆయన ఉత్తరంలోని ‘మ’లన్నింటి మీదా ఒక్కొక్కటిగా పెట్టినాడు. ప్రతి ఒక్కటీ గీతకి గీత కూర్చుంది. పుస్తకంలోని ‘మ’ ఒక్కటీ ఇంకొక దానితో కలవలేదు. మనిషి చేతికి ఒకే అక్షరాన్ని అచ్చంగా రెండుసార్లు రాయడం చేతకాదు, ఫాంటుకి వేరేగా రాయడం చేతకాదు.

"ఇప్పుడు కాగితం వెనక్కి తిప్పి బొటనవేలితో తడమండి సార్."

ఆమె పెన్ను నొక్కి రాసే మనిషి. పుస్తకం పేజీ వెనక గీతలన్నీ ఉబ్బి చేతికి తగులుతాయి. ఉత్తరం వెనక అద్దంలాగా నున్నగా ఉంది. ఆయన తడిమినాడు, మళ్లీ తడిమినాడు.

"టీచర్, మీరు క్లాసుకి పొండి," అన్నాడు చివరికి.

అంతే. తప్పయిందమ్మా అన్న మాట ఆ నోట్లోంచి రాలేదు. అది ఎవరు ప్రింటు తీసినారో వెతకలేదు కూడా. స్కూలు పరువు పోతుందట. ఆ పని చేసినవాళ్లు అదే స్టాఫ్ రూములో ఈమె పక్కనే కూర్చుని టీ తాగుతుండొచ్చు.

చలపతి అదే రోజు ఇంటర్నెట్‌లోంచి ఫాంటు తీసేసినాడు. కానీ దించుకున్నవాళ్ల దగ్గర అది ఉండనే ఉంది, వెనక్కి లాక్కునే దారి లేదు. వాళ్లలో సగంమంది నా పొగడ్త చదివి దించుకున్నవాళ్లే అయుంటారు. ఆ వాక్యాన్ని నేను చెరపలేదు. అడ్డంగా గీత కొట్టి, కింద ఎందుకో రాసి పెట్టినాను.

రెండు నెలల తర్వాత ఆమె కనిపించింది. చలపతి మీద కోపం లేదంది. "కానీ నోట్సు దిద్దేటప్పుడన్నా, నేను ఇది రాస్తా ఉంటే, ఇంకెవురో యాడనో కూర్చోని ఇదే రాస్తా ఉన్నట్టు ఉంటాది." చలపతి ఇంటర్నెట్ పేజీలో ఇప్పుడు ఫాంటు లేదు గదమ్మా అన్నాను. ఆమె తల ఊపింది, నన్ను ఓదారుస్తున్నట్టు.

అప్పటినుంచి చేతిరాత ఫాంటు ఎవరు పంపినా, అందం తర్వాత, ముందు ఆ చెయ్యి ఎవరిది, ఆ మనిషిని ఫోనులో మాట్లాడించు అంటున్నాను. మొన్న ఒకాయన పోయిన తాత ఉత్తరాల నుంచి చేసి పంపినాడు, ఆయన్ని యాడనుంచి తెచ్చేదని ఎగిరినాడు. అయితే మీ ఇంట్లోనే పెట్టుకో నాయనా అన్నాను. ఈ ప్రశ్నకే ఇద్దరు నాతో మాటలు మానేసినారు. మానేయనీ. తన పేరు తెర మీద తన రాతలోనే పడుతుంటే ఒక మనిషి కుర్చీ వెనక్కి జరుపుకోవడం వాళ్లు చూడలేదు.