పదిహేనో రాయి

కడుపు కోసి పిత్తాశయం తీసేసిన తరువాత నాకు మిగిలినవి కుడి డొక్క కింద జానెడు కుట్టు, దాని లోపల అదే పాత నొప్పి.

డెబ్బైల చివరి మాట. అప్పట్లో నేను చిత్తూరులో ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. నా భర్తకు ఎరువుల అంగడి ఉండేది. అన్నం తిన్న గంటకల్లా పక్కటెముకల కింద పట్టేసి వీపు దాకా పాకే నొప్పితో రెండేళ్లు అవస్థ పడ్డాక, తిరుపతిలో ఒక నర్సింగ్ హోములో ఆపరేషన్ చేశారు. సర్జను గారు పద్నాలుగు రాళ్లు తీసి, చిన్న గాజు సీసాలో పోసి, నాకు కాదు, నా భర్తకు ఇచ్చారు. కడుపు నాదైనా కాన్పు తనదే అన్నట్టు ఆయన ఆ సీసాను తీసుకెళ్లి అంగట్లో పెట్టుకున్నారు. యూరియా కోసం వచ్చిన రైతులందరికీ దర్శనం.

"చూడప్పా, మా ఇంటామె కడుపులోనివి. పద్నాలుగు ఉండాయి."

"అబ్బా! చెనిగ్గింజల మాదిరి ఉండాయే!" అని వాళ్లు సీసాను ఆడించి చూసేవాళ్లు.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం సంగటి, చింతాకు పప్పు తిని లేచానో లేదో, నొప్పి మళ్లీ వచ్చింది. అదే చోటు, అదే పట్టు. గోడ పట్టుకుని కూలబడ్డాను. అత్త పొయ్యి దగ్గర నుంచి తొంగి చూసింది.

"తీసేసినారు గదా, ఇంగ యాడిది నొప్పి? ఇల్లే పడగొట్టినాక తలుపు తట్టేదెవురు?"

మెలికలు తిరుగుతూ కూడా మాట భలే ఉందనుకున్నాను. తెలుగు పంతులమ్మను కదా.

మళ్లీ తిరుపతికి వెళ్లాం. సర్జను గారు కుట్టును రెండు వేళ్లతో నిమిరి, తన పనితనానికి తానే మురిసిపోయారు. నొప్పి పోలేదని చెప్పాను.

"లేనిది యాడన్నా నొప్పి పెడ్తాదా అమ్మా? పాము పోయినా భయం పోలేదు నీకు. అంతా మనసు."

తరువాత నా భర్త వైపు తిరిగి, ఈమెకు ఆకలి ఎట్లుంది, నిద్ర పడుతోందా, ఇంట్లో ఏమన్నా గొడవలున్నాయా అని అడిగారు. నా ఆకలి గురించీ నా నిద్ర గురించీ ఆయన ఎంతో నమ్మకంగా జవాబులు చెప్పారు. ఉద్యోగం మాన్పిస్తే అంతా సర్దుకుంటుందని ఇద్దరూ కలిసి తేల్చేశారు. నరాల మాత్రలు రాసిచ్చారు.

నేను ఉద్యోగం మానలేదు. ఆ మాత్రలు వేసుకుని క్లాసుకెళ్లి, సవర్ణదీర్ఘ సంధి చెబుతూ కుర్చీలోనే నిద్రపోయాను. పిల్లలు ఆ వారం నన్ను ఎంతో ఇష్టపడ్డారు.

నెలలు గడిచినా నొప్పి పోకపోయేసరికి ఇక అత్త రంగంలోకి దిగింది. నేను అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని స్వామికి మొక్కేసుకుంది. మొక్కింది ఆమె, ఎక్కాల్సింది నేను. తోడు వచ్చింది, కాదనను. నాకంటే చురుగ్గానే ఎక్కింది. మోకాళ్ల మెట్టు దగ్గర నొప్పి నన్ను పట్టుకుంది. మెట్టు మీదికి వాలిపోయి, రాతికి నుదురు ఆనించి ఊగసాగాను. చలితో ఒళ్లంతా వణుకు. అంతలో ఎవరో ఆడమనిషి, "సామి వచ్చినాడమ్మా!" అని కేక పెట్టింది. క్షణంలో జనం మూగారు. నా ముందు కర్పూరం వెలిగింది. ఒక ముసలాయన నా కాళ్లకు మొక్కి, "తల్లీ, మా కోడలికి బిడ్డ పుడ్తాదా?" అని అడిగాడు.

"డాక్టర్ని అడుగు నాయనా," అన్నాను.

అందులో ఏదో లోతైన అర్థం ఉందనుకుని అందరూ గోవిందా కొట్టారు. అత్త కూడా చేతులు జోడించింది. ఎనిమిది నెలలుగా నొప్పి అంటే నమ్మని మనిషి, పూనకం అనగానే నమ్మేసింది.

మూడో రోజుకు నా కళ్లు పచ్చబడ్డాయి. మూత్రం డికాషన్ రంగుకు తిరిగింది. ఇంట్లోవాళ్లకు ప్రాణం కుదుటపడింది. ఎంతైనా కంటికి కనబడే జబ్బు కదా! "కామెర్లు. పసరు పోయిస్తే సరిపోతాది," అన్నారు నా భర్త.

"ఆ పసరు మీరు తాగండి. నేను మద్రాసుకు పోతా ఉండాను."

సంచిలో రెండు చీరలు పెట్టుకుని బస్టాండుకు నడిచాను. బస్సు కదిలే ముందు ఆయన రొప్పుతూ వచ్చి నా పక్కన కూర్చున్నారు.

మద్రాసులో నన్ను చూసిన డాక్టరమ్మ నాకంటే చిన్నది. తమిళ యాసలో తెలుగు మాట్లాడింది. నా భర్త ఎప్పటిలాగే నా బదులు జవాబు చెప్పబోతే, "నొప్పి ఎవరికి సార్?" అంది. మొదటి నుంచీ అంతా నేనే చెప్పాను. సన్నని సూదితో లోపలికి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. మరునాడు ఆమె ఫిల్మును దీపానికి ఆనించి, తెల్లటి గొట్టంలో గింజంత నల్లటి మచ్చను నాకు చూపించింది.

"పిత్తపు సంచి తీసేసినారు. కాలేయం నుంచి పేగుకు పోయే గొట్టంలో ఒక రాయి ఉండిపోయింది. మీరు చెప్పినదంతా నిజమే."

అప్పుడు ఏడ్చాను. అందరూ మనసు, మనసు అంటుంటే ఆ మధ్య నాకే నా మీద అనుమానం మొదలైంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మళ్లీ కోశారు. రెండు వారాలు పక్కలో రబ్బరు గొట్టంతో పడుకున్నాను. తరువాత ఆ నొప్పి ఇంక రాలేదు.

కాస్త కోలుకోగానే ఫిల్ము పట్టుకుని తిరుపతి సర్జను గారి దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాను. ఆయన దాన్ని కిటికీ వెలుతురులో చాలాసేపు తిప్పి చూశారు.

"ఇది తరువాత పుట్టినట్టు ఉండాది," అన్నారు.

"పుట్టినప్పుడే వచ్చి చెప్పినాను గదా డాక్టర్ గారూ, మీరే మనసన్నారు," అన్నాను.

ఆయన ఫిల్ము నా చేతికిచ్చి, తరువాతి పేషంటును పిలిచారు.

నా భర్త ఇప్పుడు ఈ కథను చుట్టాలకు ఎంతో బాగా చెబుతారు. అందులో నా కళ్లు పచ్చబడగానే ఆయన క్షణం ఆలస్యం చేయలేదట. "నేనే మద్రాసుకు తీసకపోయినా," అంటారు.

"తీసకపోయింది బస్సు," అంటాను నేను, ప్రతిసారీ.

ఆయన గొంతు సవరించుకుని, మిగతా కథ కొంచెం తగ్గిన స్వరంలో చెబుతారు.