ఎడమచేతి చదరం

కుముదవల్లిది ఎడమచేతి వాటం. వడమాలపేటలో పుట్టింట్లో అది లోపం. తిరుపతిలో అత్తగారింట్లో అపచారం. కాపురానికొచ్చిన మూడోరోజు ఎడమచేత్తో గరిటె పట్టుకుందని అత్తగారు వరదమ్మ ఆ పూట పులుసంతా పెరట్లో పారబోయించింది. అప్పటినుంచి కుముదవల్లి ఎడమచేతిని కొంగులో చుట్టుకునే వంట చేసేది. పదకొండేళ్ళు అట్లాగే వంట చేసింది. వంట బాగుందని గానీ బాగాలేదని గానీ ఎవరూ అనలేదు.

ఆ చేతికి పని దొరికింది పెరటి గోడ అవతల. ఆ ఇల్లు దర్జీ షఫీవుల్లాది. ఆయన భార్య మెహరాజ్ బేగం మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చుని క్రోషా సూదితో ఊలు అల్లుతూ ఉండేది. నడుమ ఊలుతో చిన్న ఉంగరం, దాని చుట్టూ మూడేసి పోగుల గుత్తులు, నాలుగు మూలలు, మళ్ళీ ఇంకో చుట్టు, చుట్టుకో రంగు. అరచేయంత చదరం తయారయ్యేది. అట్లాంటివి పన్నెండు కలిపితే రేడియో మీద కప్పే గుడ్డ. ఆ రోజుల్లో తిరుపతిలో రేడియో ఉన్న ఇంట్లో దానికి మనుషులకంటే మంచి బట్ట ఉండేది.

మెహరాజ్ మొదట ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. నాలుగు రోజులూ ఊలు చిక్కుపడింది. ఐదో రోజు ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"అద్దంలో సూసుకున్నట్టు సూడు. నా కుడిచెయ్యే నీ ఎడంచెయ్యి. అంతే, ఇంకేం లేదు."

ఆ మాటతో కుముదవల్లికి క్రోషా వచ్చేసింది.

డెబ్భై ఎనిమిదిలో ఊళ్ళో ఒక ఆడపిల్లల బడికి కుట్టూ అల్లికా నేర్పే టీచరు కావలసివచ్చింది. కుముదవల్లి భర్త వేంకటాచలపతి ఒక ఆఫీసులో గుమాస్తా. ఆయన దరఖాస్తు రాసి ఆమె చేత కుడిచేత్తో సంతకం పెట్టించాడు. ఇంటర్వ్యూ రోజు వరండాలో ఆమె పక్కన మెహరాజ్ బేగం వచ్చి కూర్చుంది.

"నువ్వూనా?" అంది మెహరాజ్.

"నువ్వూనా అక్కా?" అంది కుముదవల్లి.

ఆ తర్వాత ఇద్దరూ గోడ మీది గడియారం చూస్తూ కూర్చున్నారు. వచ్చింది వాళ్ళిద్దరే.

లోపల కమిటీవాళ్ళు ముగ్గురు మగవాళ్ళు. ఇద్దరినీ చెరో చదరం అల్లి చూపించమన్నారు. ఆడవాళ్ళు మగవాళ్ళకు ఎదురుగా కూర్చుంటే బాగుండదని బంట్రోతు రెండు స్టూళ్ళనూ గోడవైపు తిప్పి వేశాడు. కమిటీ ప్రెసిడెంటు కృష్ణస్వామి రిటైరైన సబ్ రిజిస్ట్రారు, పెద్ద నామం, గట్టి ఆచారం. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ఇద్దరి భుజాల మీదినుంచీ తొంగి చూస్తూ తిరిగాడు. కుముదవల్లి అలవాటు కొద్దీ ఎడమచేతి మీదికి కొంగు లాక్కుంది. ఆయనకు కనబడింది చదరం ఒక్కటే.

మెహరాజ్ ఐదు చుట్లు ముగించేసరికి కుముదవల్లి మూడో చుట్టులో ఉంది. కృష్ణస్వామి మెహరాజ్ వెనకే ఆగిపోయాడు.

"ఏమ్మా, ఇది యాపక్క తిరగతా ఉండాది? అప్రదక్షిణం కదా."

"అల్లిక ఇట్లనే తిరగతాది సార్."

"ఆ యమ్మది సరిగ్గానే తిరగతా ఉండాదే."

నిజమే. ఎడమచేతి అల్లిక కాబట్టి కుముదవల్లి చదరం ప్రదక్షిణంగా పెరుగుతోంది.

లెక్కల అయ్యవారు ఏకాంబరం కూడా కమిటీలో ఉన్నాడు. "అల్లికకు ప్రదక్షిణమేంది స్వామీ?" అన్నాడు.

"గడియారానికేంది మరి?" అన్నాడు కృష్ణస్వామి. "ముల్లు ఎట్ల తిరగతా ఉండాదో పోయి సూడప్పా."

ఏకాంబరం వరండాలోకి పోయి చూసి వచ్చి కూర్చున్నాడు.

"ఆడపిల్లోళ్ళకు చిన్నప్పుడే అపసవ్యం అలవాటు చెయ్యకూడదు," అని కృష్ణస్వామి కుముదవల్లికి ఉద్యోగం ఇచ్చాడు. మొదటి ఏడాది పరీక్ష. ఏడాది చివర తానే వచ్చి పని చూసి, బాగుంటే పర్మనెంటు చేస్తాడు, లేకపోతే ఇంటికి.

ఆ ఏడాది కుముదవల్లి రోజూ అల్లికల గదిలోకి పోయి, తలుపు వేసుకుని, ఎడమచేతిని కొంగులోంచి బయటికి తీసేది. పిల్లలు ముప్పై ఎనిమిది మంది. వాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టుకుని, తనకు మెహరాజ్ నేర్పినట్టే నేర్పింది. ఎడమచేత్తో సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద రాసినా అక్కడ ఎవరూ ఏదీ పారబోయలేదు. ఆ గదిని వదులుకుని మళ్ళీ వంటింట్లోకి పోవడం తన వల్ల కాదని ఆమెకు రెండో నెలలోనే అర్థమైంది.

కృష్ణస్వామి వస్తాడన్న రోజుకు రెండు రోజుల ముందు ఆమె పిల్లల వెనకగా నడుస్తూ చూసింది. ముప్పై ఎనిమిది మందీ కుడిచేతి వాళ్ళే. ముప్పై ఎనిమిది చదరాలూ అప్రదక్షిణంగా తిరుగుతున్నాయి.

ఆ ఏడాదంతా పెరటి గోడ దగ్గర మెహరాజ్, కుముదవల్లి పలకరించుకున్నారు గాని ఊలు మాట ఎత్తలేదు. ఆ సాయంత్రం కుముదవల్లే ఎత్తింది.

"అక్కా, నా పిల్లోళ్ళందరిదీ అప్రదక్షిణమే."

"మనుషులంతా అట్లనే అల్లతారు. తిక్కదానివి నువ్వొక్కదానివే."

"ఎల్లుండి ఆయన వచ్చి సూస్తాడు. ఉజ్జోగం పోతాది."

మెహరాజ్ మూల తిప్పి, సూదిలోకి ఊలు లాగి, తల ఎత్తకుండానే అంది: "నువ్వు ఆపక్క నిలబడినావు కదా. ఆడినుంచి సూడు. నాది ఎట్ల తిరగతా ఉండాది?"

కుముదవల్లి చూసింది. గోడకు ఇవతలినుంచి, చదరం వెనకవైపునుంచి, అది ప్రదక్షిణమే.

"ఆయప్పకు కుర్చీ ఎదురుగా ఎయ్యి. సాలు."

కుముదవల్లి గోడ మీదికి వంగింది. "ఆ పొద్దు నీకిది తెలుసా అక్కా?"

"తెలుసు."

"మరి చెప్పలేదే."

"గోడకు తిరిగి కూసున్నదాన్ని. ఎనకనుంచి తొంగి సూసే మొగాయన్ను, ముందరికి రా సార్, నా ఎదురుగా కూసో అని పిలవాల్నా? మా ఇంటాయన బజార్లో తలెత్తుకోవద్దా?" మెహరాజ్ ఇంకో గుత్తి అల్లింది. "ఐదు సుట్లు అల్లినాను. మూడు సుట్ల దానికి ఇచ్చినాడు. ఇంకేం చెప్పేది."

చెప్పిన రోజుకే కృష్ణస్వామి వచ్చాడు. కుర్చీ పిల్లలకు ఎదురుగా వేసి ఉంది. ముప్పై ఎనిమిది చదరాలూ ఆయన ముందు ప్రదక్షిణం చేశాయి. ఆయన తల ఊపుతూ చూశాడు.

"అంతా సవ్యంగా ఉండాది. ఏదీ టీచరమ్మా, మీరూ ఒక సుట్టు అల్లండి, సూస్తాను."

కుముదవల్లి సూది తీసుకుంది. కూర్చోబోతూ ఆగింది. ఆయనకు ఎదురుగా కూర్చుంటే తనది ఒక్కటే తప్పుగా తిరుగుతుంది. ఆమె స్టూలును గోడవైపు తిప్పుకుని, కొంగు సర్దుకుని కూర్చుంది.

"సూడండి పిల్లలూ," అన్నాడు కృష్ణస్వామి. "ఆడవాళ్ళకు ఈమాత్రం మర్యాద ఉండాల." లేచి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, భుజం మీదినుంచి తొంగి చూశాడు. చుట్టు పూర్తయ్యేదాకా చూశాడు. "బాగుండాది. ఎవురు నేర్పినారమ్మా?"

అత్తగారు అని చెబితే సరిపోయేది. ఎదుట గోడకు సున్నం పెచ్చు లేచి ఉంది. కుముదవల్లి దాన్నే చూస్తూ చెప్పింది.

"మెహరాజ్ బేగం స్వామీ. మా పక్కింటామె. పోయినేడు నా పక్క స్టూలు మీద కూచునింది."

ఉద్యోగం పోయిందనుకుని ఆమె సూదిని ఊలు ఉండలో గుచ్చింది.

"ఆ యమ్మది అప్రదక్షిణం కదా," అన్నాడు కృష్ణస్వామి.

"అవును స్వామీ."

ఆయన చదరాన్ని ఇంకోసారి తొంగి చూశాడు. "అయినా నువ్వు సరిదిద్దుకున్నావు. అదీ సంస్కారమంటే."

వారానికి పర్మనెంటు ఆర్డరు వచ్చింది. కుముదవల్లి దాన్ని గోడ మీదుగా మెహరాజ్‌కు ఇచ్చింది. మెహరాజ్ కింది నుంచి పైదాకా చూసి తిరిగి ఇచ్చేసింది.

"నీ అల్లికను నేను సరిదిద్దినానంట అక్కా."

"ఎవురన్నారు?"

"ఆయనే."

మెహరాజ్ నవ్వలేదు. ఒళ్ళోనుంచి దొర్లబోతున్న ఊలు ఉండను పట్టుకుని గోడ మీదికి అందించింది. "ఇది పట్టుకో. సిక్కు పడతాది."

కుముదవల్లి చెయ్యి చాచింది. ఎడమచెయ్యి. ఇవతల వంటింటి గుమ్మంలో వరదమ్మ దగ్గింది. మళ్ళీ దగ్గింది. చెయ్యి గోడ మీదే ఉంది.